కల్వర్టు, మొదటి సీజన్

పెదకాకర్ల మునిసిపాలిటీలో అర్జీలు కాగితం మీద తీసుకోవడం ఆపేశారని హైమావతికి కాగితం పట్టుకుని వెళ్ళాకే తెలిసింది.

కౌంటర్ లోపల సుభాని ఫోన్ చూస్తున్నాడు. అతని పక్కన ఇద్దరు గుమస్తాలూ ఫోన్లే చూస్తున్నారు. హైమావతి అర్జీని కంతలోంచి లోపలికి తోసింది. సుభాని తలెత్తకుండానే దాన్ని ఒక వేలితో బయటికి తోశాడు.

"కాగితాలు తీసుకోవట్లేదమ్మా. ఇప్పుడంతా వీడియోనే."

"దేనికి వీడియో?"

"అర్జీకి. మీ సమస్యేంటో వీడియో తీసి 'జనదృశ్యం'లో పెట్టాలి. జనం చూస్తారు, మేమూ చూస్తాం. చూడ్డమే ఇప్పుడు మా డ్యూటీ."

"డ్యూటీ చేస్తున్నావా అయితే? సినిమా చూస్తున్నావనుకున్నా."

"సినిమా అయితే ఇంకేం కావాలమ్మా. పద్నాలుగో వార్డు కుళాయి ఇది. పొద్దుట్నించీ చూస్తున్నా, నీళ్ళు రావట్లా."

గోడకి నోటీసు అంటించి ఉంది. కింద 'పౌర సమస్యల దృశ్యీకరణ విభాగం' అని ముద్ర వేసి, ఉప సంచాలకులు విశ్వంభరం సంతకం చేశారు.

"మారుతున్న వీక్షణ అలవాట్లను దృష్టిలో ఉంచుకుని, ప్రస్తుతం పౌరులు గానీ అధికారులు గానీ ఏమియూ చదువుట లేదని నిపుణుల సంఘం నిర్ధారించినందున, ఇకమీదట సమస్త అర్జీలను దృశ్య రూపంలో మాత్రమే స్వీకరించడమైనది. అధిక వీక్షణ పొందిన సమస్యను అధిక తీవ్రత గల సమస్యగా పరిగణించడమైనది. వీక్షణ లేని సమస్యను లేని సమస్యగా పరిగణించడమైనది. అర్జీదారుని వాక్కుకు కత్తెర వేయరాదు."

హైమావతి నిలబడి నోటీసు మొత్తం చదివింది. దాన్ని చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆవిడేనని సుభాని తర్వాత ఒప్పుకున్నాడు. అతను మొదటి వాక్యం మధ్యలోనే ఆగిపోయాడట.

ఆవిడ అర్జీ కల్వర్టు గురించి. ఎర్రకాలువ కాలనీకీ ఊరికీ మధ్య కాలువ ఉంది, దాని మీద కల్వర్టు లేదు. ఎండాకాలం కాలువలో దిగి ఎక్కుతారు. వానాకాలం నడుము లోతు నీళ్ళలో దిగి ఎక్కుతారు. ఆటోలు అవతలి గట్టు దాటి రావు. హైమావతి భర్త బాబ్జీకి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. అతను అంతదూరం నడవలేడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలనీ మగవాళ్ళు నలుగురు భుజాల మీద మోసి కాలువ దాటిస్తారు. కుర్చీ ముందు ఎడమ కాలు పట్టేది కోటయ్య. తాపీ పని చేస్తాడు. డయాలసిస్ ఉన్న రోజు పనిలోకి ఆలస్యంగా వెళ్ళి మేస్త్రీతో మాటలు పడతాడు. కుర్చీ కాలువ మధ్యకి వచ్చినప్పుడల్లా హైమావతికి ఒకటే భయం, ఇవాళ పడిపోతాడేమోనని. ఆ మాట పైకి అనదు.

వాళ్ళకి కాలనీ మొదట్లో షాపు ఉంది. పెళ్ళయిన కొత్తలో అందులో క్యాసెట్లు అద్దెకిచ్చారు. తర్వాత సీడీలు ఇచ్చారు. సీడీలు పోయాక మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించారు. కార్డులు పోయాక రీచార్జీలు చేశారు. రీచార్జీ కూడా ఎవరి ఫోన్లో వాళ్ళే చేసుకోవడం నేర్చుకున్నాక, పగిలిన ఫోన్లకి అద్దాలు మారుస్తున్నారు. షాపు పేరు మాత్రం హైమా వీడియోస్.

ఆ సాయంత్రమే హైమావతి కాలువ గట్టున నిలబడి, అర్జీ చూసి చదువుతూ వీడియో తీయించుకుంది. నాలుగు రోజులకి సుభాని ఫోన్ చేశాడు.

"రద్దయిందమ్మా. ఆదరణ లేదు. ఎనిమిదో సెకనుకే అందరూ వెళ్ళిపోయారు."

"ఎక్కడికి వెళ్ళారు?"

"పక్క వీడియోకి. ఏడో వార్డులో పంది మునిసిపాలిటీ ట్రాక్టరెక్కి కూచుంది."

బాబ్జీ మంచం మీద పడుకుని అదంతా విన్నాడు.

"నువ్వు 'గౌరవనీయులైన కమిషనర్ గారి దివ్య సముఖమునకు' అని మొదలెడితే ఎవడాగుతాడే? క్యాసెట్ రోజుల్లోనైతే డబ్బిచ్చి తెచ్చుకున్నారు గనక ఎలాంటిదైనా చివరిదాకా చూసేవాళ్ళు. ఇప్పుడు చేతిలో వేలు ఖాళీగా ఉంది, తోసేస్తారు. మొదట్లోనే పట్టుకోవాలి."

"దేంతో పట్టుకోమంటావయ్యా?"

"నాతో."

మర్నాడు డయాలసిస్‌కి వెళ్తుంటే హైమావతి ఫోన్ తీసి, కుర్చీ గట్టు దిగిన దగ్గర్నుంచి అవతల ఎక్కేదాకా తీసింది. ఏమీ మాట్లాడలేదు. కోటయ్య మాత్రం కాలువ మధ్యలో, "బావా, కాస్త కదలకుండా కూచో, నీ బరువుకి నా భుజం కుంగిపోతంది," అన్నాడు. బాబ్జీ, "కిడ్నీలు లేనోడి బరువెంతరా?" అన్నాడు.

వారం తిరక్కముందే ఊళ్ళో సగం మంది దాన్ని చూశారు. ఆ వారమే తొమ్మిదో వార్డు వీధి దీపాల అర్జీ తిరస్కరించారు. దీపాలు లేవని రాత్రి పూట వీడియో తీసి పెడితే, అందులో ఏమీ కనబడటం లేదని రాసి పంపారు. హైమావతికి మాత్రం ఉప సంచాలకుల నుంచి పిలుపొచ్చింది.

విశ్వంభరం లేచి నిలబడి ఎదురొచ్చాడు. ఆ ఆఫీసులో హైమావతికి ఎవరైనా కుర్చీ చూపించడం అదే మొదలు.

"అమ్మా, తమ సమస్య ఘనవిజయం సాధించింది. అభినందనలు."

"కల్వర్టు ఎప్పుడు మొదలెడతారండీ?"

విశ్వంభరం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మానవుని వీక్షణ చరిత్రను నాలుగు యుగాలుగా విభజించవచ్చునమ్మా. మొదటిది సామూహిక యుగం. అందు ఊరంతయూ ఒక తెరను చూచెను. రెండవది గృహ యుగం. ఇంటిల్లిపాది ఒక పెట్టెను చూచిరి. మూడవది నిరీక్షణ యుగం. తెర మీద చక్రం తిరుగుచుండగా మనిషి ఆ చక్రమునే చూచెను. ప్రస్తుతం మనం వేలి యుగంలో ఉన్నాం. ఈ యుగంలో ఒక పౌరుని వేలు ఒక సమస్య మీద నిలబడిందంటే అది సామాన్యం కాదు. అటువంటి సమస్యను తొందరపడి పరిష్కరించుట బాధ్యతారాహిత్యం."

"నాకర్థం కాలేదండీ."

"కల్వర్టు కడితే కుర్చీ ఉండదు. కుర్చీ లేకపోతే వీక్షణ ఉండదు. వీక్షణ లేకపోతే సమస్య ఉండదు."

"సమస్య లేకుండా పోవాలనేగా వచ్చింది?"

"తమరు అర్జీదారు స్థానం నుంచి ఆలోచిస్తున్నారు," అన్నాడు విశ్వంభరం, మందలింపుగా కాదు, సానుభూతితోనే. "వ్యవస్థ స్థానం నుంచి చూడండి. విభాగం పెట్టాక మాకు వచ్చిన మొదటి విజయం ఇది. తమ సమస్యను ధారావాహికగా కొనసాగించుటకు అనుమతి వచ్చింది. పరిష్కారాన్ని సీజన్ ముగింపు వరకు వాయిదా వేయడమైనది."

"సీజన్ ఎప్పుడైపోతుందండీ?"

"జనం చూచుట మానినప్పుడు."

తర్వాతి డయాలసిస్ నుంచి కాలువ గట్టుకి వ్యాన్ రావడం మొదలైంది. అందులో కెమెరాలు, గొడుగులు, ఇద్దరు అసిస్టెంట్లు. ముందు సీట్లో విశ్వంభరం. మొదటి వారం మామూలుగా వచ్చాడు. రెండో వారం టోపీ పెట్టుకున్నాడు. మూడో వారం "కట్" అనడం మొదలుపెట్టాడు.

ఊరు కూడా ఊరుకోలేదు. టీ బంకుల్లో, బస్టాండులో, కల్లాల్లో కుర్చీ చూశారు. ఎక్కువమంది రెట్టింపు వేగంలో చూశారు. అందులో కోటయ్య వాళ్ళు బాబ్జీని ఎత్తుకుపోతున్న దొంగల్లా కనబడ్డారు. ఇంకా ఎక్కువమంది గట్టు దిగేదీ ఎక్కేదీ వదిలేసి మధ్యలో ముక్క మాత్రం చూశారు. వాళ్ళకి బాబ్జీ ఎక్కణ్ణించి వస్తున్నాడో, ఎక్కడికి పోతున్నాడో తెలియదు. ఒక మనిషి నీళ్ళ మధ్యలో కుర్చీలో ఉంటాడని మాత్రం తెలుసు. ఆదివారాలు చూడ్డానికి మనుషులు రావడం మొదలయ్యాక గట్టు మీద మిరపకాయ బజ్జీల బండి పెట్టారు. ఆదివారం డయాలసిస్ ఉండదని తెలిసి వాళ్ళు నిరాశపడ్డారు. డయాలసిస్‌ని ఆదివారానికి మార్చే వీలుందా అని విభాగం నుంచి ఆసుపత్రికి లేఖ వెళ్ళింది.

బాబ్జీకి ఇదంతా నచ్చింది. అది హైమావతి లెక్కలో లేని సంగతి. అతను తల దువ్వుకుని గడప దాటుతున్నాడు. చారల చొక్కా కెమెరాలో అదురుతుందని వద్దంటున్నాడు. ఆసుపత్రిలో నర్సులు అతన్ని 'కుర్చీ మావయ్య' అంటున్నారు. సూది గుచ్చే ముందు ఫొటో దిగుతున్నారు.

"ఊళ్ళో వాళ్ళందరి సినిమాలూ నేనే అద్దెకిచ్చాను," అన్నాడొక రోజు. "నేను సినిమాలో ఉంటానని ఎవడైనా అనుకున్నాడా?"

"సినిమా కాదయ్యా అది. మన బతుకు."

"అదేనే జనం చూస్తంది."

వానలు పట్టే ముందు విశ్వంభరం హైమావతిని పక్కకి పిలిచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, వీక్షకుల స్పందనను క్రోడీకరించగా ఒక విషయం తేలింది. కుర్చీ ప్రతిసారీ క్షేమంగా దాటుచున్నది. ఇందువలన ఉత్కంఠ లోపించుచున్నది. కావున ఒకసారి ఒరగాలని ప్రతిపాదన."

"ఏది ఒరగాలి?"

"కుర్చీ. పడనక్కర్లేదు. ఒరిగితే చాలు."

"మీ ఆఫీసులో మీ కుర్చీ ఒరగనీయండి ముందు. అది వీడియో తీసి పెట్టండి, నేను చూస్తా."

"ఆ మాట బాగుంది," అన్నాడు విశ్వంభరం, అసిస్టెంటు వైపు తిరిగి. "రికార్డయిందా?"

వానలు పడ్డాయి. మొదటి వానకే వ్యాన్ గట్టు బురదలో దిగబడింది. రెండో వానకి కెమెరా మనిషి కాలువలోకి జారాడు. కెమెరాకి ఏమీ కాలేదు గానీ విభాగం మేల్కొంది. కల్వర్టు కావాలంటే పైనుంచి కింది దాకా పద్దెనిమిది సంతకాలు పడాలి. అవి ఎన్నేళ్ళుగానో పడటం లేదు. చిత్రీకరణ వసతికి ఒక్క సంతకం చాలు, ఆ సంతకం విశ్వంభరానిది. అతను ఆ రోజే పెట్టాడు.

అలా ఎర్రకాలువ మీద కల్వర్టు కట్టారు. తూములు వేశారు, పైన కాంక్రీటు పోశారు, కెమెరా స్టాండు జారకుండా ఇనప రైలింగు కూడా పెట్టారు. పనిలో కోటయ్య ఉన్నాడు. పొద్దున బాబ్జీని కాలువ దాటించి వచ్చి, పగలంతా కల్వర్టుకి కాంక్రీటు కలిపాడు. ఆఖరి రోజున కాలనీ ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టడానికి వెళ్తే కల్వర్టుకి రెండు వైపులా బోర్డు ఉంది. 'చిత్రీకరణ సిబ్బందికి మాత్రమే.' బోర్డు పక్కన స్టూలు మీద వాచ్‌మన్ కూచున్నాడు.

మర్నాడు కుర్చీని మోసుకుని నలుగురూ కల్వర్టు దగ్గరికి వచ్చారు. వాచ్‌మన్ లేచాడు.

"ఇటు కాదు. కిందికి దిగండి."

"నేను పోసిన కాంక్రీటు మీద నేను నడవకూడదా?" అన్నాడు కోటయ్య.

"పోసినప్పుడు నువ్వు కూలీవి. ఇప్పుడు పాత్రవి."

విశ్వంభరం కల్వర్టు మీదే ఉన్నాడు. రైలింగు మీద చేతులాన్చి కిందికి వంగి నచ్చజెప్పాడు.

"అమ్మా, మన కథాంశం కల్వర్టు లేకపోవుట. తమరు కల్వర్టు మీద నడిస్తే కథాంశానికి భంగం. ఫ్రేములో కల్వర్టు పడకుండా కెమెరా పెట్టాం, తమరు సంకోచించనక్కర్లేదు."

"అంటే కల్వర్టు మీద నిలబడి, కల్వర్టు లేదని వీడియో తీస్తారా?"

"ఇక్కడి నుంచి దృశ్యం చాలా బాగుంది."

కాలువ నిండా నీళ్ళున్నాయి. కుర్చీ దిగింది. కల్వర్టు కట్టాక తీయకుండా వదిలేసిన సెంట్రింగు చెక్క ఒకటి నీళ్ళ అడుగున ఉంది. కోటయ్య కాలు దాని మీద పడింది. కుర్చీ ఎడమ వైపుకి ఒరిగింది. బాబ్జీ ఛాతీ దాకా నీళ్ళలోకి వెళ్ళాడు. అతని చెయ్యి రైలింగు కోసం వెతికింది. రైలింగు మూరెడు పైన ఉంది. పైన ముగ్గురు మనుషులున్నారు, ముగ్గురి చేతుల్లోనూ పరికరాలున్నాయి. హైమావతి చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని గట్టు మీంచి దూకింది. ఆవిడా కోటయ్యా కలిసి కుర్చీని నిలబెట్టారు.

అప్పటిదాకా జనదృశ్యంలో ఏ సమస్యకీ రానంత వీక్షణ ఆ రోజు వచ్చింది. ఆసుపత్రికి విభాగం వాళ్ళు పూలగుత్తి పంపారు. బాబ్జీకి జ్వరం వచ్చింది, నాలుగు రోజులు తగ్గలేదు. ఐదో రోజు లేచి కూచున్నాడు. హైమావతి గంజి గిన్నె అతని చేతికిచ్చి ఎదురుగా కూచుంది.

"ఏవయ్యా. ఈసారి నువ్వు ఫెయిలవ్వాలి."

"అంటే?"

"జనం నిన్ను చూడ్డం మానెయ్యాలి. మానేస్తే సీజన్ ఆపేస్తారు. ఆపేస్తే వాచ్‌మన్ పోతాడు. కల్వర్టు ఉంటుంది."

బాబ్జీ గంజి తాగకుండా గిన్నె వైపు చూశాడు.

"ఈ వయసులో నాకొక పేరొచ్చిందే. నా అంతట నేనే పోగొట్టుకోమంటావా?"

"మొన్న నీళ్ళలో నీ మొహం నేను చూశాను. నువ్వు చూసుకోలేదు. ఫోన్లో ఉంది, చూపించమంటావా?"

అతను వద్దన్నాడు. గంజి ఒక గుక్క తాగాడు.

"జనం ఏం చూస్తారో కనిపెట్టి ఇన్నేళ్ళు బతికాను," అన్నాడు చివరికి.

"ఏం చూడరో కూడా నీకు తెలిసే ఉంటుందిగా. అది చెయ్యి."

బాబ్జీకి తెలుసు. కూచుని మాట్లాడే మనిషిని ఎవరూ చూడరు. అందులోనూ పాత సంగతులు మాట్లాడే మనిషిని అసలు చూడరు.

తర్వాతి డయాలసిస్ రోజు కుర్చీని గట్టు మీదే దించారు. నీళ్ళు ఉధృతంగా ఉన్నాయి, కాస్త తగ్గాక దిగుతామని హైమావతి చెప్పింది. అది అబద్ధం కాదు. వ్యాన్ వెళ్ళిపోయాక దాటొచ్చని, ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి సాయంత్రానికి మార్పించుకుంది. అది ఎవరికీ చెప్పలేదు. కెమెరా తిరుగుతోంది. బాబ్జీ గొంతు సర్దుకున్నాడు.

"అసలు క్యాసెట్లు వేసే వీసీపీ అన్నది మన ఊరికి ఎట్లా వచ్చిందో చెప్తాను," అన్నాడు.

చెప్పాడు. వీసీపీనీ టీవీనీ దుప్పట్లో చుట్టి రిక్షాలో పెట్టుకుని పెళ్ళిళ్ళకి ఎలా తోలేవాడో చెప్పాడు. క్యాసెట్ వెనక్కి చుట్టకుండా తిరిగిచ్చేవాళ్ళ పేర్లు వార్డుల వారీగా చెప్పాడు. వీసీపీ హెడ్డుకి పట్టిన మురికిని స్పిరిట్‌తో ఎలా తుడవాలో, గుడ్డ ఎటు నుంచి ఎటు తిప్పాలో చేత్తో చూపించాడు. "కట్" అన్నాడు విశ్వంభరం. "కత్తెర వెయ్యకూడదండీ, నోటీసులో ఉంది," అంది హైమావతి. విశ్వంభరం నోటీసు తెప్పించి చూసుకున్నాడు. ఉంది. రాసింది తనే.

రెండోసారి బాబ్జీ సీడీల దాకా వచ్చాడు. గీతలు పడ్డ సీడీకి టూత్‌పేస్టు రాయడం గురించి చాలాసేపు చెప్పాడు. మూడోసారి నెట్ సెంటర్లో పాట దిగడానికి పడిగాపులు పడిన సంగతి చెప్పాడు. తొంభై తొమ్మిది శాతం దగ్గర కరెంటు పోయిన సందర్భాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. మెమరీ కార్డుల దగ్గరికి వచ్చేసరికి బజ్జీల బండి వెళ్ళిపోయింది.

విభాగం చేతులు ముడుచుకు కూచోలేదు. వెనకాల వయొలిన్ పెట్టారు. బాబ్జీ మొహం పక్కన ఎర్ర బాణం గుర్తు వేశారు. 'ఈ ఎపిసోడ్‌లో కుర్చీ పడునా?' అని రాశారు. జనం వచ్చి, కుర్చీ గట్టు మీదే ఉండటం చూసి, తోసేసి వెళ్ళారు. సుభాని ఒకనాడు అద్దం మార్పించుకోవడానికి షాపుకొచ్చాడు.

"మీ ఆయన దెబ్బకి నిన్న మా ఆఫీసంతా నిద్రపోయిందమ్మా."

"ఏమీ అన్లేదా మీ పైవాళ్ళు?"

"ఫోన్లు ఆన్‌లోనే ఉన్నాయిగా. డ్యూటీ కిందే వస్తుంది."

ఇంట్లో మాత్రం చిక్కొచ్చి పడింది. బాబ్జీకి మాట్లాడటం రుచి తగిలింది. రాత్రిళ్ళు మర్నాటికి ఏం చెప్పాలో పైకి అనుకుంటున్నాడు. ఎవరూ చూడటం లేదని గుర్తు చేస్తే, "అది మన ప్లానేగా," అంటున్నాడు, కాస్త దిగులుగా.

ఆఖరి రోజు అతను గుండ్లవారిపాలెం సంగతి ఎత్తుకున్నాడు. ఆ ఊరికి వీసీపీ తీసుకెళ్ళి రచ్చబండ దగ్గర సినిమా వేస్తే, ముగింపు దగ్గర టేపు నలిగి తెగిపోయింది. ఊరంతా కూచుని ఉంది. తర్వాతేమైందో చెప్పమన్నారు. బాబ్జీ ఆ సినిమా చివరిదాకా చూడలేదు. చూడలేదంటే వీసీపీ ఉంచేసుకుంటారని భయపడి, తనే అల్లి చెప్పాడు. చావాల్సిన తమ్ముణ్ణి బతికించాడు, తల్లికి చూపు తెప్పించాడు, ఊళ్ళో వాళ్ళు కళ్ళు తుడుచుకుని ఇళ్ళకి వెళ్ళారు.

"నెల తిరిగాక ఆ సినిమానే వాళ్ళ పక్కూరి టూరింగ్ టాకీసుకి వచ్చింది," అన్నాడు బాబ్జీ. "అందరూ వెళ్ళి చూశారు. మర్నాడు పొద్దున్నే రెండు ట్రాక్టర్ల నిండా జనం మా షాపు ముందు దిగారు. ముందు దిగిన పెద్దాయన చేతిలో దుడ్డుకర్ర ఉంది. తిన్నగా నా దగ్గరకొచ్చి..."

అసిస్టెంటు ఫోన్ చూసుకుని కెమెరా ఆపేశాడు. సీజన్ రద్దయిందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. బాబ్జీ నోరు తెరిచి ఉండగానే స్టాండు మడిచి వ్యాన్‌లో పెట్టారు.

వాచ్‌మన్ ఆ సాయంత్రమే స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు. కోటయ్య రెండు బోర్డులూ పీకి పక్కన పడేశాడు. మరుసటి డయాలసిస్‌కి ఆటో హైమా వీడియోస్ ముందుకొచ్చి ఆగింది. కాలనీలో సగం మంది చూడ్డానికి వచ్చారు. పెద్దగా చూడ్డానికేమీ లేదు. ఆటో వచ్చింది, బాబ్జీ ఎక్కాడు, వెళ్ళింది.

వారం గడిచాక, ఆటో ఇంటి ముందు ఆగి ఉండగా విశ్వంభరం వచ్చాడు. నడిచొచ్చాడు, టోపీ లేదు. చేతిలో కాగితం ఉంది. 

"అమ్మా, సీజన్ రద్దయినందున చిత్రీకరణ వసతులను తొలగించవలసి ఉన్నది. నిబంధన. రేపటికి యంత్రం వస్తుంది. నా సంతకం ఒక్కటే తరువాయి."

"కట్టడానికీ మీ సంతకమే, కొట్టడానికీ మీ సంతకమేనా?"

"అవునమ్మా." విశ్వంభరం కదలకుండా నిలబడ్డాడు. కాగితం మడిచాడు, విప్పాడు. ఆటోలో కూచున్న బాబ్జీ వైపు చూశాడు. "మరొక నిబంధన కూడా ఉన్నది. రద్దయిన ధారావాహికను ధ్రువీకరించే అధికారి మొత్తం వీక్షించాలి. రెట్టింపు వేగం నిషిద్ధం. నేను మొత్తం చూశాను."

"టూత్‌పేస్టు కూడానా?" అన్నాడు బాబ్జీ.

"టూత్‌పేస్టు రెండుసార్లు. మా అబ్బాయి సీడీ ఒకటి ఉంటే రాసి చూశాను. ఆడింది." విశ్వంభరం ఆటో దగ్గరగా వచ్చాడు. అధికారిక భాష ఎక్కడో జారిపోయింది. "ఆ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడే. వచ్చి ఏమన్నాడండీ?"

బాబ్జీ మొహం వెలిగింది. చెప్పబోయాడు. హైమావతి ఆటో ఊచ పట్టుకుని మధ్యలో నిలబడింది.

"ముందు ఆ కాగితం చించండి. అప్పుడు చెప్తాడు."

"ప్రభుత్వ కాగితం. చించకూడదమ్మా."

"అయితే వద్దు లెండి. ఏవయ్యా, నోరు మూసుకో."

బాబ్జీ కష్టం మీద మూసుకున్నాడు. విశ్వంభరం కాలువ వైపు చూశాడు, కల్వర్టు వైపు చూశాడు, మూసుకున్న నోటి వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని ఆటో టాపు మీద పెట్టి, అంచున ఒక వాక్యం రాశాడు. రాసినది హైమావతికి చూపించాడు. 'తొలగింపునకు నిధులు మంజూరైన పిమ్మట పరిశీలించవచ్చును.'

హైమావతి చివరిదాకా చదివింది. ఆ మునిసిపాలిటీలో అలా రాసిన పని ఏదీ ఇంతవరకు జరగలేదు. ఆవిడ ఊచ వదిలి, లోపలికెక్కి భర్త పక్కన కూచుంది.

"చెప్పు," అంది.

"కర్ర పక్కన పెట్టాడండీ," అన్నాడు బాబ్జీ. "పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'ఆ టాకీసువాడు దొంగ బాబూ, తమ్ముణ్ణి చంపేశాడు. మాకు నువ్వు చెప్పిన సినిమా కావాలి. ఆ క్యాసెట్ ఇస్తేగానీ కదలం' అన్నాడు. వెనకాల రెండు ట్రాక్టర్ల జనం."

"ఇచ్చారా?"

"లేని క్యాసెట్ ఎలా ఇచ్చానో చెప్పాలంటే, ఆ రోజు షాపులో ఇంకా ఎవరున్నారో ముందు చెప్పాలి."

"ఆసుపత్రికి టైమైంది," అంది హైమావతి. "పోనీ బాబూ."

ఆటో కదిలింది. విశ్వంభరం ఒక్క క్షణం నిలబడి, గబగబా రెండడుగులు పరుగెత్తి, డ్రైవరు పక్కన సగం సీటులో ఇరుక్కున్నాడు. కాగితం తొడ కింద పెట్టుకున్నాడు. ఆటో కల్వర్టు ఎక్కింది. కింద కాలువ నిండుగా పారుతోంది. విశ్వంభరం దాన్ని చూడలేదు, వెనక్కి తిరిగి ఉన్నాడు.

"ఎవరున్నారు?" అన్నాడు.